మా మావ చేసిన ఎడిటర్ పంపకం

మా మావ అప్పలసూరికి కంప్యూటర్ ఆన్ చేయడం కూడా రాదు. అయినా శ్రీకాకుళంలో మా అద్దె ఇంటికొచ్చి, చాప మీద బాసింపట్టు వేసుకుని, నాకూ మా ఆవిడకీ ఒక ఎడిటర్‌ని పంచిపెట్టి వెళ్ళాడు. హుద్‌హుద్ తుపానుకి ముందటేడు సంగతి ఇది.

ముందు మావ గురించి చెప్పాలి. ఆయనది రామతీర్థం అవతల ఊరు. కొంత వరి, మెట్టలో వేరుశనగ. చుట్టుపక్కల ఎనిమిది ఊళ్ళలో అన్నదమ్ములు వేరుపడాలంటే ఆయన రావాల్సిందే. పొలాలు పంచాడు, గొడ్లు పంచాడు, పనసచెట్టు కాపు పంచాడు, ఒకచోట పందిరి మంచాన్ని కూడా పంచాడు. ఆయన పంచాక కోర్టుకెక్కినవాడు లేడు. అది తన తెలివి అంటాడాయన. కాదు, నోరు అంటుంది మా అత్త. నేను ముందు మేనల్లుడిని, తర్వాత అల్లుడిని. కాబట్టి ఆ నోటిని రెండు విధాలా భరించినవాడిని.

ఇక మా గొడవ. నేనూ నీలవేణీ ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాం. ఇంట్లో ల్యాప్‌టాప్ ఒకటే. ఇద్దరం వాడేది ఈమాక్స్ అనే ఎడిటర్. తెరిచిన ప్రతిసారీ అది ముందుగా ఒక ఫైలు చదువుకుంటుంది. తెర ఏ రంగులో ఉండాలి, అక్షరం ఎంత లావుండాలి, ఏ మీట నొక్కితే ఏం జరగాలి, అన్నీ అందులోనే రాసి పెట్టుకోవాలి. ఆ ఒక్క ఫైల్లోనే ఇద్దరం రాసుకుంటూ వచ్చాం. నాకు నల్ల తెర, చీమ తలకాయంత అక్షరాలు కావాలి. ఆవిడకి తెల్ల తెర, ఎన్నికలప్పుడు గోడల మీద రాసేటంత అక్షరాలు కావాలి. పొద్దున నేను మార్చింది సాయంత్రం ఆవిడ మార్చేది. వేరే లాగిన్ పెట్టుకోవచ్చు కదా అని మీరంటారు. తెలుసండీ, పిల్లలకి ఆ పాఠం చెప్పేది నేనే. కానీ ముందుగా లేచి కొత్త లాగిన్‌కి పోయినవాళ్ళు ఓడిపోయినట్టు.

అసలు నిప్పు అంటుకున్నది ఎఫ్‌ఫైవ్ మీట దగ్గర. నా లెక్కలో అది నొక్కితే రాసింది సేవ్ కావాలి. ఆవిడ దాన్ని, రాసింది వదిలేసి పాత ఫైలునే మళ్ళీ తెరిచేలా మార్చింది. నాకు చెప్పలేదు. చెప్పానంటుంది. మూడు గంటలు కూర్చుని సెమిస్టర్ ప్రశ్నపత్రం రాసి, హాయిగా ఒళ్ళు విరుచుకుని ఎఫ్‌ఫైవ్ నొక్కాను. తెర మీద కాలేజీ పేరు తప్ప ఏమీ మిగల్లేదు.

ఆవిడ లైన్లన్నీ పీకేశాను. ఆవిడ నావన్నీ పీకేసింది. నేను మాటలు మానేశాను, ఆవిడా మానేసింది. ఆదివారమంతా కూర్చుని ఆ పేపరు మళ్ళీ కొట్టాను. ఆరో రోజు నీలవేణి తండ్రికి ఫోన్ చేసింది. మర్నాడు తొలి బస్సుకే మావ చోడిపిండి సంచీతో దిగాడు.

"ఏటైనాదిరా దేవేంద్రా?" అన్నాడు. చెప్పాను.

"తిట్టుకోండి, కొట్టుకోండి, నాకేటి? గానీ మాటాడుకోకపోడమేటి? నాను సూసినాను గదరా ఎన్ని ఇళ్ళో! ఇయ్యాల ఫైలు, రేపు పొయ్యి."

నవ్వబోయి ఆగిపోయాను. ఆయన ముఖంలో నిజంగానే భయం ఉంది. కూతురు ఎక్కడ సంచీ సర్దుకుని తన వెంట బస్సెక్కుతుందో అని గుమ్మం వైపే చూస్తున్నాడు.

తెర మీద చూపిస్తానంటే ఒప్పుకోలేదు. "కాయితమ్మీద ఎట్టు. కాయితం నేని పంపకం నిలబడదు." మా ఇద్దరి దగ్గరా పాత నకళ్ళున్నాయి. అన్నీ కలిపి ప్రింటు తీస్తే నాలుగువందల పన్నెండు లైన్లు వచ్చాయి. మావ ఒక్కొక్క లైను మీదా వేలు పెట్టి అడిగాడు.

"ఇది ఎవుల్ది?"

"నాదే మావా."

"ఇది?"

"నాది నాన్నా."

"మరిదేటి?"

ఇద్దరం తెల్లముఖం వేశాం. నెట్‌లో ఎక్కడో దొరికితే తెచ్చి అతికించిన లైన్లు నూటముప్పై తేలాయి. అవి ఏం చేస్తాయో తెలియదు, తీసేస్తే ఏమవుతుందో అంతకన్నా తెలియదు.

"ఐతే పోరంబోకు," అన్నాడు మావ. "ఎవులూ ముట్టుకోకండి."

వాటికి ఒక ఉమ్మడి ఫైలు ఏర్పాటైంది. దారీ నుయ్యీ పంచుకోరు కాబట్టి తెలుగు ఫాంటు, ప్రింటరు లైన్లు కూడా అందులోకే పోయాయి. ఎఫ్‌ఫైవ్ మీట గట్టు కింద లెక్క, దాన్ని ఇద్దరూ దున్నకూడదన్నాడు. పదేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, ఇంత శుభ్రంగా నేనెప్పుడూ చెప్పలేదు. ఒప్పుకోవడానికి ఒళ్ళు మండుతుంది గానీ నిజం.

"మిగిల్నాది పెద్దోడు రొండు కుప్పలెట్టాల. సిన్నోళ్ళు కోరుకోవాల. పంచినోడు కోరుకోడు," అన్నాడు.

ఇంతకన్నా సులువేముంది? కత్తెర తెచ్చి, నావన్నీ కత్తిరించి ఇటు పెట్టాను, ఆవిడవన్నీ అటు పెట్టాను. ఆవిడవి చదవను కూడా చదవలేదు. నీలవేణి వచ్చి రెండు కుప్పల ముందూ కూర్చుంది. వారం తర్వాత మొదటిసారి నా ముఖంలోకి చూసింది. చూసి, నా కుప్ప మీద చెయ్యి వేసింది.

"అది నాది!" అని అరిచాను.

"పంచినోడివి, నోరు మూసుకో," అన్నాడు మావ. "ఒసే, అదే గావాలా?"

"అదే గావాల నాన్నా."

"అయిపోనాది."

సంతకాలు పెట్టించాడు. పక్కింటి లక్ష్మణమ్మగారి చేత సాక్షి సంతకం కూడా పెట్టించి బస్సెక్కేశాడు.

పెద్దమనిషి మాట కాదనలేం కదా. ఎడిటర్ తెరవగానే ఒకటా, రెండా అని అడిగేలా చిన్న ప్రోగ్రాం రాశాను. ఏది నొక్కినా ముందు ఉమ్మడి ఫైలు చదువుతుంది. తర్వాత, ఒకటైతే నీలవేణి ఫైలు, అంటే నాది. రెండైతే నా ఫైలు, అంటే ఆవిడది. రాసినవాణ్ణి నేనే రెండుసార్లు తప్పు నొక్కాను. వారం రోజులు తెల్ల తెర వెలుగుకి నా కళ్ళు నీరు కారాయి. ఆవిడ నా చీమతలకాయల కోసం ముక్కు తెరకి ఆనించి కూర్చుంది. మార్చుకుందాం అన్న ఒక్క మాట ఇద్దరి నోటా రాలేదు.

ఎనిమిదో రోజు, ఈవిడ అసలేం రాసుకుందో చూద్దామని, తప్పులు పట్టే ఉద్దేశంతోనే చదవడం మొదలుపెట్టాను. నూట ఆరో లైను దగ్గర ఆగిపోయాను. ఏ ఫైలు తెరిచి ఉన్నా ఐదు నిమిషాలకోసారి నకలు తీసి ఒక ఫోల్డర్‌లో దాచమని ఉంది. ఫోల్డర్ పేరు 'బావ'. పక్కనే ఒక ముక్క రాసుకుంది: 'ఇతను సేవ్ చేయడు.'

ఆ ఫోల్డర్ తెరిచాను. రెండేళ్ళుగా నేను పారేసుకున్నానని ఏడ్చినవన్నీ అందులో ఉన్నాయి. ఆఖరున నా ప్రశ్నపత్రం, చివరి ప్రశ్న ఒక్కటి తప్ప. సిగ్గేసింది. ఆ వెంటనే కోపం కూడా వచ్చింది. వంటింట్లోకి వెళ్ళాను.

"నీలా, ఇదుందని ఒక్క మాట సెప్పొచ్చు గదా!"

"ఎవులికి సెప్పాల? మాటాడ్డం మానీసింది నువ్వు గాదా బావా? ఆదివారమంతా గొణుక్కుంటా కొట్టినావు. నీలా, ఇప్పుడేటి సెయ్యాలి అని ఒక్కసారైనా అడిగినావా? అడుగుతావని కాసుకోని కూకున్నాను. సదివైనా తెలుసుకుంటావనే నా కుప్ప నీకొదిలీసినాను."

గరిటె పట్టుకునే కళ్ళు తుడుచుకుంది. తప్పు నాదే అన్నాను. పెళ్ళయ్యాక ఆ మాట అనడం అదే మొదలు. అక్కడినుంచి ఆవిడ మొదలుపెట్టిన తిట్లు అన్నం ఉడికినా ఆగలేదు. వింటుంటే ప్రాణం లేచొచ్చింది.

ఆ తిట్ల మధ్యే మావకి ఫోన్ చేసి, కుప్పలు మార్చుకుంటాం అన్నాను. ఇంతెత్తున లేచాడు.

"ముప్పై ఏళ్ళలో నా పంపకం ఎవులూ తిరగదోడ్నేదు! నీకేటి కొమ్ములా?" అని కాసేపు అరిచి, ఉన్నట్టుండి గొంతు తగ్గించాడు. "ఆ గోలేటి? మా గుంట నీ పక్కనున్నాదా?"

"ఉన్నాది మావా. తిడతన్నాది."

అటు నుంచి ముక్కు చీదుకున్న చప్పుడు వినబడింది.

"తిట్టనీ. మద్దిలో ఆపకు," అని ఫోన్ పెట్టేశాడు.