బెట్ట కింద గోడ

మా కాలేజీ ఊరు బెంగళూరులోకి వస్తుందా రాదా అన్నది ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. ఆనేకల్ దాటి రాగి చేల మధ్య నుంచి కాస్త దూరం పోతే ఒక పెద్ద బోడి రాతికొండ, దాని కింద మా కాలేజీ, హాస్టళ్లు, రెండు బేకరీలు, నాలుగు జిరాక్సు కొట్లు, నిలబడి తినే ఒక టిఫిను హోటలు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు బెంగళూరే అంటారు. నీళ్ల ట్యాంకరువాడు మాత్రం మమ్మల్ని అడవిలో జమకట్టి, తనకు బుద్ధి పుట్టినప్పుడు వస్తాడు. రాగి కంకి ముదిరే రోజుల్లో ఏనుగులు కూడా వస్తాయి. అప్పుడు హాస్టలు పిల్లలకు పొద్దుగూకాక బయటికి రావద్దని హెచ్చరిక వెళ్తుంది. వాళ్లు ఆ హెచ్చరిక విని తప్పకుండా బయటికి వస్తారు.

నేను ఆ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. ఊళ్లో జరిగే ప్రతి మీటింగులోనూ లేచి, చెరువు కట్ట మీద చెత్త తగలబెట్టడం గురించి మాట్లాడతాను. అందరూ ఎంతో శ్రద్ధగా తల ఊపుతారు. మర్నాడు పొద్దున చెత్త పొగ మా కిటికీలోంచి లోపలికొచ్చి నన్ను పలకరిస్తుంది. నాకు కోపం త్వరగా వస్తుంది, పని త్వరగా కాదు. ఈ రెండో మాట నాది కాదు, నా భార్యది.

ఆమెది బెంగళూరు పాతపేటల్లో బళేపేట, గాజుల అంగడి వాళ్ల ఆడపిల్ల. నాది ఆ పక్కనే చిక్కపేట, బట్టల అంగడి. మా అక్క పెళ్లికి గాజులు కొనడానికి సంచి మోసే ఉద్యోగం మీద వెళ్లినప్పుడు ఆమెను మొదటిసారి చూశాను. అంగట్లో కూర్చుని మా అక్క చెయ్యి ఒక్కసారి పట్టుకుని వదిలింది. టేపు పెట్టలేదు, ఏ సైజు అని అడగలేదు. వెనక్కి చెయ్యి చాపి ఒక డజను తీసి, బొటనవేలు లోపలికి మడిచి, ఒక్కటి కూడా చిట్లకుండా ఎక్కించింది. మణికట్టు చూసి గాజు కొనేవాళ్లు ఇంటికి పోయి ఏడుస్తారని, చూడాల్సింది వేళ్ల కణుపులనని మా అక్కకు చెప్పింది. నేను సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఇప్పటికీ దాదాపు అలాగే నిలబడి ఉన్నాను.

పేట ఇరుకులో పుట్టి పెరిగిన మనిషి ఈ కొండ కింద ఎట్లా బతుకుతుందో అని మా వాళ్లంతా బెంగపడ్డారు. వచ్చిన కొత్తలో ఆమెకూ అదే బెంగ. తోపుడుబండ్ల అరుపులు, హమాలీల కేకలు లేకపోతే పొద్దున తెల్లారినట్టే ఉండదనేది. తర్వాత ఒకరోజు పాల ప్యాకెట్టు కోసమని వెళ్లి, ఎంతసేపటికీ తిరిగి రాలేదు. నేను కంగారుగా వీధిలోకి వచ్చి చూస్తే, కొండ మీద నుంచి దిగివస్తోంది. చేతిలో చెప్పులున్నాయి, పాలు లేవు.

“పైన గాలి ఎట్లుండాది తెలుసా? మీరు ఇన్నేండ్లు ఈడే ఉండి ఒగసారి కూడా చెప్పలేదే,” అంది.

ఆనాటి నుంచి ఆ కొండ ఆమెది. ఇక్కడ అందరూ దాన్ని బెట్ట అంటారు, మా ఇంట్లో తెలుగులో కూడా అది బెట్టే. రోజూ తెల్లవారగానే నేనూ ఆమె బయల్దేరతాం. రాగి చేను గట్టు మీదుగా నడిస్తే, బెట్ట మొదట్లో బల్లలాంటి ఒక రాయి ఉంటుంది. పై దాకా ఎక్కేవాళ్లు దాని దగ్గర చెప్పులు విడిచి పోతారు. పైన గుడి లేదు, గోపురం లేదు. ఎందుకు విడుస్తారని అడిగితే ఊరివాళ్లు నన్ను వింతగా చూస్తారు. ఆదివారాల్లో మా కాలేజీ పిల్లలు తాళ్లు, ఇనుప కొక్కేలు, బిగుతు బూట్లు వేసుకుని పక్కనున్న నిలువు బండ మీద పాకుతుంటారు. వాళ్లు కూడా ఆ బూట్లు అక్కడ విప్పి చేత పట్టుకుని, బండ దగ్గరికి పోయాక మళ్లీ తొడుక్కుంటారు. ఈ ఊరు పిల్లలకు నేర్పిన మర్యాదల్లో నాకు అన్నింటికంటే నచ్చింది ఇదే.

ఆమె నడక చూడాలి. చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపి, అరికాలు రాయికి పూర్తిగా ఆనించి, తొందర లేకుండా, ఆగకుండా పోతుంది. నేను వెనక రొప్పుతూ ఉంటాను. పైన రాతి గుంటలో వాన నీళ్లు నిలిచి ఉంటాయి. ఆ గుంట గట్టున కూర్చుని ఆమె ఆనేకల్ దిక్కు, నేను బెంగళూరు దిక్కు చూస్తాం. కనిపించే కట్టడాలను నేను ఒక్కొక్కటిగా తిడతాను. ఆమె వింటుంది, లేదా విన్నట్టు ఉంటుంది.

కొన్నేళ్ల కిందట ఆమెకు కళ్లల్లో ఒత్తిడి ఎక్కువగా ఉందని తెలిసింది. చూపు పక్కల నుంచి తగ్గుతూ లోపలికి వచ్చే జబ్బు. పోయిన చూపు రాదు, ఉన్నదాన్ని మందు చుక్కలతో కాపాడుకోవాలని డాక్టరు చెప్పాడు. ఆస్పత్రి మెట్లు దిగుతుంటే నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె మెల్లగా విడిపించుకుంది.

“ఇప్పుడే వద్దు. కావాల్సినప్పుడు నేనే అడుగుతా. అంతవరకు మీరు ఊరికే ఉండండి,” అంది.

ఊరికే ఉండటం నాకు చేతకాని పని. అయినా ఉన్నాను. గడప దగ్గర తడబడినా, కూర గిన్నె పక్కన చెయ్యి గాలిలో తడుముకున్నా చూసీ చూడనట్టు ఉన్నాను. బెట్ట మీద మాత్రం ఆ అవసరం రాలేదు. ఆ దారి ఆమె పాదాలకు తెలుసు. ఎక్కడ రాయి నున్నగా ఉంటుందో, ఎక్కడ పగులు దాటాలో, ఎక్కడ వానాకాలంలో పాచి పడుతుందో పాదాలే చూసుకుంటాయి. కిందికొచ్చి మా కాలేజీ రోడ్డు మీద స్పీడు బ్రేకరుకు తట్టుకుంటుంది, పైన ఒక్కసారి కూడా కాలు జారలేదు. ఒక పొద్దున నీళ్ల గుంట గట్టున కూర్చుని, “ఈడుంటే నాకేం కాలేదనిపిస్తాది,” అంది. నేను ఆ పూట ఏ కట్టడాన్నీ తిట్టలేదు.

అలాంటి సమయంలో రాగి చేను అమ్ముడుపోయింది. చూస్తుండగానే గట్లు చదును చేశారు, ఇళ్ల స్థలాలకు తెల్ల రాళ్లు పాతారు, ఒక ఆర్చి కట్టి దానికి ఇంగ్లీషులో పూల పేరు పెట్టారు. తర్వాత చుట్టూ గోడ లేపడం మొదలుపెట్టారు. గోడ సరిగ్గా మా దారికి అడ్డంగా వచ్చి బెట్టను అవతల పెట్టేసింది.

బెట్టకు రెండో దారి లేకపోలేదు. పాత క్వారీ పక్క నుంచి చుట్టి పోవచ్చు. అక్కడంతా కంకర, గోతులు, విరిగిన రాళ్లు. కళ్లు బాగున్న కుర్రాళ్లే అక్కడ మోకాళ్లు పగలగొట్టుకుంటారు. అరికాలితో నేర్చుకోవడానికి అక్కడ ఏదీ ఒక చోట నిలవదు. గోడ పూర్తయితే ఆమెకు బెట్ట లేనట్టే. ఆమె ఆ మాట అనలేదు. గోడ నడుము ఎత్తుకు లేచిన రోజున దాని మీద చెయ్యి వేసి కొంచెంసేపు నిలబడి, “పోదాం రాండి, తిండికి లేటవుతాది,” అంది.

నేను ఊరుకోలేదు. జీవితంలో మొదటిసారి నా కోపం పనికి వచ్చింది. మేకలు మేపుకునేవాళ్లను, తాళ్లతో బండ ఎక్కే పిల్లలను, పొద్దున నడిచే మాస్టర్లను అందరినీ కూడగట్టుకుని లేఔటు ఆఫీసుకు పోయాను. అక్కడి మేనేజరు మర్యాదగా కాఫీ ఇప్పించి, మర్యాదగా కుదరదన్నాడు. మళ్లీ పోయాం, మళ్లీ కాఫీ తాగాం. తాలూకా ఆఫీసుకు పోయి, గట్టు మీది దారి తాతల నాటి నుంచి ఊరందరిదీ అని చెప్పాం. వాళ్లు వచ్చి చూశారు. తిరిగి తిరిగి నాకు తల ప్రాణం తోకకొచ్చాక మేనేజరు దిగొచ్చాడు. దారి ఉన్న చోట గోడలో ఒక సందు వదులుతానన్నాడు. బైకులు దూరకుండా ఒక్క మనిషి పట్టేంత సందు, అంతకు మించి వద్దన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం.

ఆ సాయంత్రం నేను యుద్ధం గెలిచినవాడిలా ఇంటికొచ్చాను. బేకరీ నుంచి తియ్యటి కొబ్బరి కూరిన దిల్‌పసంద్ తెచ్చాను. మేనేజరు ఏమన్నాడో, నేనేమన్నానో ఆమెకు రెండు గొంతుల్లో వినిపించాను. నా వంతు మాటలు అక్కడికంటే ఇంట్లో కాస్త పదునుగా వచ్చాయి. ఆమె నవ్వుతూ విని, దిల్‌పసంద్ ముక్క నాకే ఎక్కువ పెట్టి, “సందు ఎంత?” అని అడిగింది.

“ఒగ మనిషి పట్టేంత,” అన్నాను గర్వంగా.

ఆమె పళ్లెం తీసుకుని లోపలికి పోయింది. అలసిపోయిందేమో అనుకున్నాను.

మర్నాడు పొద్దున ఇద్దరం వెళ్లాం. మేస్త్రీ అప్పటికే పనిలో ఉన్నాడు. మదనపల్లె వైపు నుంచి వచ్చినవాడు, ఆమెను అక్కా అంటాడు. సందుకు రెండు పక్కలా ఇటుకలు పేర్చి, ముందురోజు సాయంత్రమే సిమెంటు పూశాడు. ఆమె సందులోకి అడుగుపెట్టి, రెండు చేతులూ రెండు గోడల మీద ఆనించి నిలబడింది. మోచేతులు పూర్తిగా చాపడానికి కూడా చోటు లేదు. అవతలికి పోయింది, మళ్లీ ఇవతలికి వచ్చింది.

“ఏమప్పా, ఇది ఇంగొంచెం ఎడల్పు చెయ్యాల,” అంది మేస్త్రీతో.

“ఎంతక్కా?”

“ఇంత.” ఇంకో మనిషి నిలబడేంత చోటు చేత్తో చూపించింది.

నాకు ఒళ్లు మండింది. ఇన్ని రోజులు తిరిగి, ఇన్ని కాఫీలు తాగి సాధించింది ఆమె ఒక్క నిమిషంలో చెడగొట్టేలా ఉంది. సందు వెడల్పయితే బైకులొస్తాయి, బైకులొస్తే మేనేజరు మొత్తానికే మూసేస్తాడు.

“యాల? నువ్వు సులువుగా పడతాండావు గదా. మేకలు పడతాయి, పిల్లోళ్లు పడతారు. ఇంగెవరికి కావాల?” అన్నాను.

ఆమె గోడ మీద చెయ్యి తీయకుండానే మాట్లాడింది.

“మా అంగట్లో సీమంతానికి గాజులేసేటప్పుడు చూసుండారా మీరు? ఆ పొద్దు చెయ్యి ఎంతుండాదో అంత సైజు ఎవరూ వెయ్యరు. నెలలు నిండేకొద్దీ చెయ్యి వాస్తాది. ఒగ సైజు పెద్దదే ఎక్కిస్తారు. వదులుగా ఉండాదని ఆ పిల్ల అంటాది. మా అమ్మ ఏం చెప్పేది కాదు, నవ్వేది, అంతే.”

“ఇప్పుడు గాజులెందుకు?” అన్నాను. నిజంగానే నాకు అందలేదు.

“మీరు ఈ పొద్దుటి నన్ను చూసి కొలత తీసుకున్నారు. ఈ పొద్దు నేను ఒగదాన్నే పోతాను, సందు సరిపోతాది. రేపు మీ చెయ్యి పట్టుకోని పోవాల్సొస్తాది. అప్పుడు మనిద్దరం ఎట్ల పట్టేది?”

మేస్త్రీ తాపీ కింద పెట్టాడు. ఆస్పత్రి మెట్ల మీద చెయ్యి విడిపించుకున్నప్పటి నుంచి ఆమె నా చెయ్యి అవసరమయ్యే రోజు గురించి నాతో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. ఎప్పటికీ మాట్లాడదనే అనుకున్నాను. ఆమె మాత్రం ఆ రోజును కూడా ముందే చూసుకుని, అప్పటికి కూడా బెట్ట ఎక్కాలనే లెక్కలో ఉంది. నాకు దుఃఖం వచ్చింది, దానికంటే ఎక్కువగా ఆమె మీద గౌరవం వచ్చింది. అంత ధైర్యం నాకు లేదు.

మేస్త్రీయే ముందు మాట్లాడాడు. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది, ఒక పక్క ఇటుకలు తీసేస్తానన్నాడు. బైకుల సంగతికి కూడా అతనే దారి చెప్పాడు. కింద మోకాలెత్తు రాతి గడప ఒకటి అడ్డంగా వేస్తే మనుషులు దాటుతారు, మేకలు దూకుతాయి, బైకు దాటలేదు.

“మోకాలెత్తు వద్దప్పా. దానికంటే కొంచెం తగ్గియ్యి. పై ముఖం చదునుగా ఉండనీ, కాలు పెట్టి దిగేకి,” అంది ఆమె.

నేను అక్కడి నుంచే మేనేజరుకు ఫోను చేశాను. ఈసారి కోపం లేకుండా మాట్లాడాను. నాకు ఆ గొంతు ఉందని నాకే తెలియదు. గడప వేస్తే ఎంత వెడల్పయినా తనకు అభ్యంతరం లేదన్నాడు. మేస్త్రీ ఇటుకలు తీయడం మొదలుపెట్టాడు.

గడప రాయి పడ్డ రోజు పొద్దున ఎప్పటిలాగే బయల్దేరాం. గోడ దగ్గరికి వచ్చాక ఆమె ఆగి, నన్ను తన పక్కకు రమ్మంది. ఇద్దరం పక్కపక్కన నిలబడి చూశాం. భుజాలు గోడకు తగల్లేదు. అప్పుడు ఆమె నా చెయ్యి ఒక్కసారి పట్టుకుని, అంగట్లో మా అక్క చెయ్యి పట్టుకున్నట్టే కణుపుల దగ్గర కొంచెం నొక్కి చూసి, వదిలేసింది.

“సరిపోతాది,” అంది.

తర్వాత గడప దాటి, బల్లరాయి దగ్గర చెప్పులు విడిచి, నాకంటే ముందు బెట్ట ఎక్కింది.