మూడు బల్లలు, ఒకే బంతి

2004 నవంబరు, శనివారం సాయంత్రం. కడపలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు. ఉన్నవాళ్లు: నేను, మా ఆవిడ, ఎదురింటి మిత్రుడు.

మరునాడు చర్చిలో కోత పండుగ భోజనాలు. మోకాళ్ల నొప్పులతో నేల మీద కూర్చోలేని అవ్వలు పోయినేడు గోడవారగా నిలబడి తిన్నారు. ఈసారి వాళ్లందరినీ ఒకే బంతిలో కూర్చోబెడతామని మా ఆవిడ మాటిచ్చింది. అందుకే బెంచీలు కలిసిన మూడు బల్లలు చేస్తున్నాం.

పని త్వరగా తెమలడానికి నా పద్ధతి ఒకటే. ఒక కాలు కోసి, దాన్నే పెట్టి మిగతావన్నీ గీసుకోవాలి. మిత్రుడు ఆ నమూనా కాలును కూడా మొదటి బల్లకు బిగించేశాడు. ఇక రెండో బల్లకు మొదటిదాని కాలు, మూడోదానికి రెండోదాని కాలు ఆనించి గీశాడు. గీసినప్పుడల్లా పెన్సిలు కాస్త బయటికి జరిగింది. చివరికి మూడూ మెట్లలా నిలబడ్డాయి.

“ఏమప్పా, బల్లలు చేయమంటే నిచ్చెన చేసినావే!” అన్నాను.

“అవ్వల్లో పొట్టోళ్లు, పొడుగోళ్లు లేరా?” అన్నాడు మిత్రుడు.

“పై అవ్వ పులుసు కింది అవ్వ ఒళ్లో పడతాది,” అంది మా ఆవిడ.

నవ్వుకున్నాం కానీ, మళ్లీ కోసే పొద్దు లేదు.

మర్నాడు పొద్దున చర్చి ఆవరణలో బల్లలు దించాం. వాననీరు పోవడానికి ఆ నేల గేటు వైపు వాలుగా ఉంటుంది. పొట్టి బల్ల ఎగువన, పొడుగుది దిగువన పెట్టగానే మూడూ దాదాపు ఒకే మట్టానికి వచ్చాయి.

“వాలు చూసే కోసినా,” అన్నాడు మిత్రుడు.

ఆరాధన గంట కొట్టకముందే ఒక అవ్వ వచ్చి నడిమి బల్ల దగ్గర కూర్చుంది.

“ఈ చోటు నాది. ప్రార్థనకు మీరు పోండప్పా,” అంది.