మట్టల కింద ఇప్ప మొద్దు

ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. మా పామాయిల్ తోటలో నరికేసిన ఇప్పచెట్ల మొద్దులను విమల మేడంకు చూపించింది నేనే. ఇప్పుడు నేనుండే జగదల్‌పూర్ బజారులో ఎండిన ఇప్పపూల తీపి వాసన తగిలినప్పుడల్లా ఆ మధ్యాహ్నం గుర్తొస్తుంది. గంపల మధ్య నుంచి తల వంచుకుని వెళ్లిపోతాను.

మేడంది భద్రాచలం. పాత చెట్లు నరకబోమని తమంతట తాము మాట ఇచ్చిన రైతుల తోటలకు, పామాయిల్ గెలలు కొనే కంపెనీ పచ్చబోర్డు ఇచ్చి, బోర్డున్న తోటల గెలలే కొనేది. ఆ తోటలు చూసివచ్చే పని ఆవిడది, వెంట తిరిగి రాసుకునే పని నాది. నలుగురిలో నోరు పెగలని నన్ను ఆవిడ ఎన్నడూ తొందరపెట్టలేదు. తోటకు వెళితే ప్రశ్నలేమీ వేసేవారు కాదు. టిఫిన్ డబ్బా పట్టుకుని, "ఇప్పచెట్టు నీడ ఏడుంది? కూసోని తిందాం" అనేవారు. నీడ దొరికితే రైతు మాట నిలబెట్టుకున్నట్టే.

కోంటలో మాది కిరాణా కొట్టు, ఊరి బయట తోట. ఆ మాట ఇచ్చి బోర్డు తీసుకున్న నాన్నే, గట్టు మీది ఇప్పచెట్లను ఒక ఏడు నరికించి, మొద్దుల మీద పామాయిల్ మట్టలు పేర్పించారు. కోసిన మట్టలు కుప్పగా పేర్చడం అన్ని తోటల్లో ఉన్నదే, ఎవరికీ అనుమానం రాదు. మేడం వస్తే షెడ్డులోకి పిలిచారు.

"ఎండల ఏంది మేడం, ఫ్యాను కింద తినుండ్రి."

మేడం నవ్వి, నీడ ఎక్కడుందని నన్నడిగారు. నాన్న కుర్చీ తేవడానికి షెడ్డులోకి వెళ్లగానే గట్టు మీద కాలితో ఒక మట్ట పక్కకు జరిపాను. ఆవిడ ఆ మొద్దు మీదే కూర్చుని, ఎండలో డబ్బా తెరిచి, సగం రొట్టె నాకిచ్చారు. తర్వాత బోర్డు విప్పించారు. ఆ ఏడు మా గెలలు కంపెనీ కొనలేదు.

ఎవరూ చెప్పలేదని మేడం అన్నా నాన్న నమ్మలేదు. అనుమానం లచ్చమ్మత్త మీదికి పోయింది. ఆ చెట్ల కింద ఏటా పూలేరుకుని మా కొట్టుకే తెచ్చేది ఆమె. ఇక ఆమె దగ్గర ఏదీ కొననని నాన్న మెట్ల మీదే ఆపేశారు.

"నేనేం జెప్పలే సేఠ్. చెట్లే లేకపాయె, ఇంక జెప్పనీకేముంది?"

లోపల పుస్తకం తెరుచుకుని కూర్చున్నాను. పేజీ తిప్పలేదు.

ఇప్పటికీ ఆమె మా కొట్టు ముందుకొచ్చేసరికి రోడ్డుకు అవతలి పక్కన నడుస్తుంది. ఇంటికి వెళ్లిన ప్రతిసారీ చూస్తూనే ఉంటాను, లోపల నుంచే.

మేడంను వేరే చోటికి మార్చిన రోజు బస్టాండుకు వెళ్లి, లచ్చమ్మత్త సంగతి బస్సు కిటికీ దగ్గర నిలబడి చెప్పాను. ఆవిడ నా చేతి మీద చేయి వేశారు.

"మీ నాయనకు నీ పేరు నేను జెప్పలే, జెప్ప. లచ్చమ్మకు మాత్రం నువ్వే జెప్పాలె బిడ్డా."