అత్తరు పూసుకోని ఇద్దరు

ఆ ఫ్రెంచి ఆయన వచ్చి వెళ్ళి రెండేళ్ళయింది. అప్పటినుంచి దర్శి వైపు పని పడితే చాలు, నాకు కుదురుండేది కాదు. ఏదో ఒక వంక చెప్పి తప్పించుకునేవాణ్ణి.

వాళ్ళ దేశంలో ఆయనకు సెంట్లు తయారుచేసే పెద్ద కంపెనీ ఉంది. తాతల నాటి వ్యాపారం. మన పొగాకు వాసన తన సెంటులో కలపాలని వచ్చారు. నేను పొగాకు కొనుగోలు ఏజెంటును, ఇంగ్లీషు వచ్చు. వెంట తిప్పే పని నాకు అప్పగించారు. అంతటివాడి పక్కన కూర్చోవాలి కదా అని గుంటూరులో ఖరీదైన సెంటు కొని, చొక్కా తడిసేలా కొట్టుకుని వెళ్ళాను. ఆయన మర్యాదగా పలకరించి, కారు అద్దం దించి, దర్శి దాకా ముఖం బయటికే పెట్టుకుని కూర్చున్నారు.

ఆయన ఒంటిమీద మాత్రం ఏ వాసనా లేదు. ఉల్లిపాయ తినరట, కాఫీ తాగరట. ఇంటి వంటగది కూడా తోట అవతల కట్టించుకున్నారట. మధ్యాహ్నం గోంగూర పచ్చడి పక్కకు జరిపి వట్టి పెరుగన్నం తిన్నారు. ఇంత ఆస్తి ఉండి ఇదేం బతుకని డ్రైవరుతో నవ్వాను.

భోజనాలయ్యాక బ్యారన్ దగ్గరికి వెళ్ళాం. బ్యారన్ అంటే పొగాకును వేడిమీద ఆరబెట్టే ఎత్తైన గది. అక్కడ మంట చూసే సాయిబు గారికి అరవై దాటాయి. గోడకు థర్మామీటరు ఉన్నా, ఆయన తలుపు ఓరగా తీసి ఒక్కసారి గాలి పీల్చి, మంట పెంచాలో తగ్గించాలో చెబుతారు. నేను దగ్గరికి వెళ్ళగానే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఏందయ్యా, పెళ్ళికొడుకు మాదిరి తయారైనావు! అవతలికి పో. నీ కంపులో ఆకు సంగతి తెలవట్లా నాకు."

"మీరు అత్తరు పూసుకోరా, సాయిబు గారూ?"

"పండక్కి పూసుకుంటా. బ్యారన్ మండేటప్పుడు పూసుకుంటానా? ఉల్లిపాయ గూడా ముట్టను."

ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే ఫ్రెంచి ఆయన ముఖం వెలిగిపోయింది. ఇద్దరూ తలుపు సందు దగ్గర తలలు ఆనించి నిలబడ్డారు. ఒకరు వేలెత్తితే ఇంకొకరు తల ఊపుతున్నారు. వాళ్ళ మధ్య నాతో పనే లేదు.

వెళ్ళబోయే ముందు ఆయన నన్ను పిలిచారు. వాళ్ళ ఊళ్ళో మే నెలలో గులాబీలు కోస్తారట. ఆ నెలంతా సాయిబు గారు తన దగ్గర ఉంటారేమో అడగమన్నారు. ఖర్చులన్నీ తనవేనన్నారు.

నేను అడగలేదు. "బ్యారన్ వదిలి రాలేరు" అని నేనే జవాబు చెప్పేశాను.

"ఏందంటన్నాడు దొర?" అన్నారు సాయిబు గారు.

"ఆకు బాగుందంటున్నారు" అన్నాను.

ఇంగ్లీషు వచ్చినవాణ్ణి, వెంట తిరిగినవాణ్ణి నేనుండగా, మంట ఎగదోసే మనిషిని పిలుస్తాడా అనిపించింది. అసూయ తప్ప ఇంకే కారణమూ లేదు.

ఈ ఏడు, ఇక ఉండబట్టక, వెళ్ళి సాయిబు గారికి అంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను.

"ఏ నెలన్నావు?"

"మే నెలండీ."

"ఏప్రిల్‌కల్లా బ్యారన్ ఆరిపోద్ది గదయ్యా. మే అంతా ఖాళీగా మంచం మీదేగా నేను." నా ఫోన్ వైపు వేలు చూపి, "ఇప్పుడు రాయి. నా ఎదురుగా రాయి" అన్నారు.

అక్కడే కూర్చుని ఫ్రెంచి ఆయనకు ఫోన్లో రాశాను, నా అబద్ధంతోనే మొదలుపెట్టి. పంపించి పన్నెండు రోజులైంది. సాయిబు గారు రోజూ పొద్దున్నే ఫోన్ చేసి అడుగుతారు, "వచ్చిందా?"

ఇంకా రాలేదండీ అంటాను.