సుబ్బులు పడే పద్ధతి

అరచేయి ముందు నేలకు తగిలింది. నాకు భయం మొదలైన క్షణం అదే.

నిన్న సాయంత్రం ఐదింటికే ఇక్కడ కెనడాలో, మా ఒషావాలో డిసెంబరు చీకటి దిగిపోయింది. నేను వంటింటి బల్ల దగ్గర ఆఫీసు మీటింగులో ఉన్నాను. నేను మీటింగులో ఉన్నంతసేపూ పిల్లలు ఫోన్లో సౌండు తీసేసే చూడాలన్నది మా ఇంటి నియమం. తొమ్మిదేళ్ళ హాసిని, ఆరేళ్ళ విహాన్ సోఫాలో తలలు ఆనించుకుని నా ఫోన్లో ఏదో చూస్తూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. మీటింగు అయ్యాక నేనూ తల దూర్చాను. మా గుమ్మం దగ్గరి కెమెరా అప్పుడే పంపిన వీడియో అది. చీకట్లో తీసింది కాబట్టి రంగుల్లేవు, చప్పుడూ లేదు. మా బేస్‌మెంటులో అద్దెకుంటూ చదువుకుంటున్న నిజామాబాదు అమ్మాయి సింధు, భుజాన సంచీతో మెట్లు దిగుతోంది. మంచు గట్టిపడిన రెండో మెట్టు మీద కాలు జారింది. రెండు కాళ్ళూ గాల్లోకి లేచాయి, సంచీ ఒకవైపు, టిఫిన్ డబ్బా ఒకవైపు ఎగిరాయి. మొదటిసారి చూసినప్పుడు నేనూ నవ్వాను.

హాసిని వేలితో వీడియోను వెనక్కి జరిపింది. సింధు నేలమీంచి లేచి, వెనక్కి వెనక్కి మెట్లెక్కి, తలుపులోకి వెళ్ళిపోయింది. పిల్లలు ఇంకా గట్టిగా నవ్వారు. మళ్ళీ ముందుకు. అప్పుడు కనబడింది, ఒంటి బరువంతా మోసుకుంటూ నేలకు తగిలిన ఆ ఒక్క అరచేయి. అలా పడకూడదని నాకు ఏడేళ్ళ వయసులోనే మా తాతయ్య నేర్పాడు.

తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న, నిడదవోలులో ఒక సినిమాహాల్లో ముప్ఫై ఏళ్ళు ఆపరేటరుగా చేశాడు. అప్పట్లో ఒకే సినిమా పెట్టెను రెండూళ్ళ హాళ్ళు పంచుకునేవట. పక్కూరి నుంచి తర్వాతి రీలు సైకిలు మీద వచ్చేలోగా జనం కుర్చీలు విరగ్గొట్టకుండా ఉండాలంటే ఏదో ఒకటి చూపించాలి. సినిమాలకు మాటలు రాకముందు ఏ దేశంలోనో తీసిన, పది నిమిషాల్లో అయిపోయే హాస్యపు బొమ్మల్ని ఆయన అందుకు వాడేవాడు. హాలు మూతపడ్డాక యజమాని ఆ రీళ్ళనూ, చేత్తో తిప్పే ఒక చిన్న మిషన్నూ తాతయ్యకే వదిలేశాడు.

వేసవి సెలవుల్లో నేనూ, పిన్ని పిల్లలూ అక్కడ చేరేవాళ్ళం. పొద్దువాలగానే అమ్మమ్మ పెరట్లో నీళ్ళు చల్లేది. తడిసిన మట్టి వాసన లేస్తుండగా తాతయ్య ఉతికిన తెల్లపంచెను గోడకు బిగించేవాడు. మేము తాటి ముంజల నీళ్ళు మోచేతుల దాకా కారుతుంటే పట్టించుకోకుండా, పిడతకింద పప్పు పొట్లాలు ఒళ్ళో పెట్టుకుని, చాప మీద ముందు వరస కోసం తోసుకునేవాళ్ళం. బల్బు మీద కాలిన దుమ్ము వాసన, కుట్టుమిషను నూనె వాసన, వీటి మీదుగా తెగిన ఫిల్ము అతికించే మందు ఘాటు. గోళ్ళరంగు తుడుచుకుంటుంటే ఇప్పటికీ ఆ ఘాటే తగిలి చెయ్యి ఆగిపోతుంది.

నటుల పేర్లుండే ముక్కలు ఎప్పుడో అరిగి తెగిపోయాయి. ఉన్నా మాలో చదవగలిగినవాళ్ళు లేరు. తాతయ్యే అందరికీ పేర్లు పెట్టాడు. పీపాలా ఉండి పిల్లిలా పరుగెత్తేవాడు గుమ్మడయ్య. మీసం ఊడిపోయే పోలీసు బొద్దింక హెడ్డు. చీలమండల దాకా గౌను, తలమీద ఇంతెత్తు టోపీ పెట్టుకుని నిచ్చెనల మీంచి సున్నం తొట్టెల్లోకి పడే సన్నటావిడ సుబ్బులు. బొమ్మకు మాటల్లేవు కాబట్టి మాటలన్నీ తాతయ్యవే.

"సూడండ్రా, నిచ్చెనెక్కేత్తంది. వొద్దే సుబ్బులూ అంటే ఇనదు. మొగుడి మాటే ఇనలేదు, నా మాటింటదా!"

"ఆవిడ మొగుణ్ణి మీరెప్పుడు చూశారండీ?" అనేది వంటింట్లోంచి అమ్మమ్మ.

సుబ్బులు పడగానే తాతయ్య పిడిని వెనక్కి తిప్పేవాడు. ఆవిడ తొట్టెలోంచి పొడిగా లేచి నిచ్చెన పైకి ఎగిరిపోయేది. మళ్ళీ ముందుకి, ఈసారి నెమ్మదిగా, కానీ మరీ నెమ్మదిగా తిప్పితే ఫిల్ము కాలిపోతుంది కాబట్టి ఆపీ ఆపకుండా తిప్పుతూ, చూపించేవాడు.

"గెడ్డం సూడు, గుండెకి ఆనించేసింది. నడుం గుండ్రంగా సుట్టేసింది. చేతిని మోచెయ్యి దాకా ఒక్కసారే చరిచింది. అరచెయ్యి ముందు ఆనిత్తే మణికట్టు పోద్దమ్మా. ఇలా పడ్డానికి ఎన్నాళ్ళు సాధన చేసుంటదో!"

పక్కింటివాళ్ళు ఇల్లు కట్టడానికి పోసిన ఇసుక గుట్ట మీద మేము ఎండ నెత్తికెక్కేదాకా సుబ్బులాట ఆడేవాళ్ళం. గోడెక్కి దూకాలి. గెడ్డం ఆనించనివాళ్ళు ఔటు.

ఒక్క రీలుకు మాత్రం ముగింపు మాకు తెలిసేది కాదు. సుబ్బులు గుర్రబ్బండి మీంచి పడుతుంది. అందరం విరగబడి నవ్వుతుండగానే తాతయ్య బొమ్మకు అరచేయి అడ్డం పెట్టేసి, అయిపోయింది లేవండి అనేవాడు. నాకు పదకొండేళ్ళప్పుడు ఒక సాయంత్రం పిడి నా చేతికిచ్చి, ఎవరో పిలిస్తే వీధిలోకి వెళ్ళాడు. నేను చివరిదాకా తిప్పాను. సుబ్బులు పడింది. గెడ్డం ఆనలేదు. అరచేయి ముందు తగిలింది. పడ్డాక ఎప్పుడూ చేసే ఆ కాళ్ళ తన్నులాట లేదు. పక్క నుంచి వేషం లేని మామూలు చొక్కా మనిషి ఒకడు పరుగెత్తుకొచ్చి ఆమె మీదికి వంగాడు. ఫిల్ము అయిపోయింది.

వెనక్కి తిరిగితే తాతయ్య గుమ్మంలో ఉన్నాడు.

"ఆవిడకి నిజంగా దెబ్బ తగిలింది కదా?"

"తగిలింది."

"మరెందుకు వేస్తావు?"

"జనం బాగా నవ్వేది అక్కడేనమ్మా" అన్నాడు.

ఆ మాట ఆయన సిగ్గుపడుతూ అన్నాడా, మామూలుగానే అన్నాడా అని ఇన్నేళ్ళుగా గుర్తు తెచ్చుకోబోతాను, తేలదు. ఆ వేసవిలో మళ్ళీ నేను చాప మీద కూర్చోలేదు. తాతయ్య పోయాక మామయ్య రీళ్ళన్నీ ఫిల్ము కరిగించి గాజులు చేసేవాళ్ళకు తూకానికి వేసేశాడు. గుమ్మడయ్యా, బొద్దింక హెడ్డూ కరిగి ఎవరి చేతులకు గాజులయ్యారో తెలియదు. సుబ్బులు అసలు పేరేమిటో, ఆ బండి తర్వాత ఆవిడ మళ్ళీ నటించిందో లేదో చెప్పగలిగినవాళ్ళూ లేరు. ఆ ఇసుక గుట్ట ఉన్నచోట మేడ లేచింది.

నిన్న ఫోను లాక్కుని కిందికి వెళ్ళాను. సింధు ఆ రోజు పార్ట్‌టైం పని షిఫ్టు మానుకుని, ఫ్రీజర్లో గడ్డకట్టిన బఠాణీల పొట్లం మణికట్టుకు కట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. చెయ్యి అప్పటికే వాచింది.

"ఏం గాలేదక్కా, జర నొప్పి. గంతే."

"హాస్పిటల్‌కి వెళ్దాం పద."

"వద్దక్కా. పోతే ఎక్కడ పడ్డవ్, ఎట్ల పడ్డవ్ అని అడుగుతరు. మీకు పరేషాన్ అయితది."

ఆమె భయం చేతి గురించి కాదు, గది గురించి. ఈ రెండేళ్ళలో ఊళ్ళోకి ఎంతమంది విద్యార్థులు వచ్చిపడ్డారంటే, గది ఖాళీ అవుతుందన్న మాట పూర్తయ్యేలోగా ఫోను మోగుతుంది. మా ఇంటికి రాకముందు సింధు ఎవరిదో హాల్లో, చెప్పుల స్టాండు పక్కన నెలన్నర పడుకుంది. మంచు కరిగేలా ఆ మెట్ల మీద ఉప్పు చల్లాల్సింది ఇంటిదాన్నయిన నేను. ఉప్పు సంచీ విప్పనైనా విప్పకుండా గరాజ్‌లో ఉంది. అది తెలిసీ నేను, సరే పొద్దున చూద్దాంలే అన్నాను. మెట్లెక్కుతుంటే నాకు తేలిగ్గా కూడా అనిపించింది.

మా ఆయన కిరణ్ వీడియో ఒక్కసారే చూశాడు.

"డిలీట్ చేసెయ్. ఆ అమ్మాయే ఏం కాలేదంటోంది కదా."

"పడింది మన మెట్ల మీదేగా."

"నేను కాదన్నానా? దాన్ని ఉంచుకుని, రేపు మనమీద కేసు పడితే లాయర్ చేతికి మనమే ఇవ్వడమెందుకు అంటున్నా. ఇల్లు కొని రెండేళ్ళు కాలేదు."

ఆయన పడుకున్నాక డిలీట్ గుర్తు మీద వేలు ఆనీ ఆననట్టు పెట్టి కూర్చున్నాను. నేనేం వీరవనితను కాను. రెండుసార్లు నొక్కబోయాను. కింద సింధు ఆ చేత్తో ఎలా పడుకుందో వెళ్ళి చూడను కూడా లేదు.

ఈ పొద్దున పిల్లలు పాలల్లో సీరియల్ వేసుకుంటూ మళ్ళీ ఫోనడిగారు.

"ప్లీజ్ మామ్, జస్ట్ వన్స్. షీ ఫ్లైస్!" అన్నాడు విహాన్.

కుర్చీ లాక్కుని వాళ్ళ ఎదురుగా కూర్చుని చెప్పాను. అక్క ఎగరలేదు, పడింది. మెట్ల మీద ఉప్పు వేయడం నా పని, నేను వేయలేదు. చూసి ముందు నవ్వాను, తర్వాత ఒక రాత్రంతా ఊరుకున్నాను. ఇప్పుడు కిందికెళ్ళి అక్కకు సారీ చెప్పి, ఈ వీడియో తన ఫోనుకి పంపించి, హాస్పిటల్‌కి తీసుకెళ్తాను. ఎక్కడ పడింది అని అడిగితే మా ఇంటి దగ్గరే అని నేనే చెబుతాను. గది ఎక్కడికీ పోదని కూడా అక్కకు చెబుతాను.

విహాన్ చెంచా గిన్నెలో వదిలేశాడు. హాసిని నాన్న గదివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఆర్ వి ఇన్ ట్రబుల్?"

"అవునమ్మా, మనమే" అన్నాను. "అక్క కాదు."