అక్క పేరు చెప్పని ఆకు

ఒక కన్ను మూసుకుని ఇది రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

నా మోకాళ్ల నొప్పులకు బంగారుపాళ్యంలో ఉన్న మా అక్క ఏదో ఆకు వేసి కాచిన నూనె పంపుతూ ఉంటుంది. ఆకు పేరు పైకి చెబితే మందు పని చేయదంది. నేను దాన్ని మంత్రోపదేశంలా నమ్మి ఇన్నేళ్లూ అడగలేదు.

ఈ రోజు పొద్దున నూనె రాసుకుని, అదే చేత్తో కన్ను నులుముకున్నాను. కాసేపటికి పూజలో కూర్చుంటే సహస్రనామాల పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోయాయి. అద్దంలో చూసుకుంటే ఎడమ కంటిపాప ఒక్కటే ఇంత పెద్దదై ఉంది. ఇక చూపు పోయినట్టేననుకుని కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను.

"ఉమ్మెత్తాకు గానీ ముట్టుకున్నావామ్మా? దాని విషం కంట్లో పడితే ఇట్లే అవుతాది. రెండు మూడు దినాల్లో సర్దుకుంటాది" అన్నారాయన.

ప్రతి సోమవారం శివుడికి ఉమ్మెత్త పువ్వు పెట్టేదాన్ని. నాకు తెలియని మొక్కేం కాదు.

బయటికి రాగానే అక్కకు ఫోన్ చేశాను.

"ఆ, ఉమ్మెత్తాకే. నీకసలే భయం. చెప్పింటే పూసుకుంటావా?"

"నువ్వూ అదే పూసుకుంటావు గదక్కా, నీ కంటికి ఎప్పుడూ ఏం కాలేదా?"

"నేను పూసుకోంగానే సబ్బేసి చేతులు కడుక్కుంటా గదా. నువ్వు కడుక్కోవని నాకేం తెల్సు?"

ఫోన్ పెట్టేశాను. పేరు చెబితే మందు పని చేయదు, సరే. చేతులు కడుక్కోమని చెప్పినా పని చేయదా? తెలిసినవాళ్లెవరైనా చెప్పండి.