పుట్టిల యుద్ధం ఎక్కడ పెట్టారు?

పుట్టిల యుద్ధం మొత్తం కోసేశారు. ట్రైలర్‌లో రెండు సెకన్లు చూపి, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జనాన్ని హాళ్లకు రప్పించి, సినిమాలో ఒక్క ముక్క కూడా లేకుండా చేశారు. ఆ యుద్ధంలో అందరికంటే ముందు పుట్టిలో నిలబడి తెడ్డు వేసిన మా పెద్దనాయన పోయిన సోమవారం చనిపోయాడు. గుండె ఆగింది. సినిమా వల్లే పోయాడని నేను అనను. అబద్ధం చెప్పి ఆయన్ని గొప్పచేయడం నాకు రాదు. కానీ ఆయన నీళ్ల మీద ఉండగా తీసిన బొమ్మ ఎక్కడైనా ఉందంటే, అది మీరు కోసి పక్కన పడేసిన ముక్కలోనే ఉంది. అందుకే రాస్తున్నాను.

ఆయన మా నాయనకు అన్న కాదు. మా వాళ్లు కూలికి బొంబాయి వెళ్లిన ఏళ్లలో నాకు అన్నం పెట్టిన పక్కింటాయన. పెద్దనాయన అని పిలవడం అట్లా అలవాటైంది. బీచుపల్లి దగ్గర కృష్ణలో చేపలు పట్టేవాడు. పుట్టి అంటే తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, అడుగున పట్టా కప్పి తారు పూస్తారు. దానికి ముందూ వెనకా ఉండవు. పడవ నడిపినవాడు అందులో ఎక్కి వెనక నుంచి తోస్తే అది ఉన్నచోటే గిరగిర తిరుగుతుంది. పోవాల్సిన దిక్కున నిలబడి నీళ్లను తనవైపు లాక్కోవాలి. నాకు నేర్పినప్పుడు కూడా ఆయన ఒకే మాట అనేవాడు.

"తొయ్యకురా. గుంజుకో. నీళ్లు నీ దిక్కు రావాలె."

రెండు చలికాలాల కింద సినిమావాళ్లు వచ్చి పుట్టి వేసేవాళ్లు కావాలని అడిగితే, ఆయన ఇల్లు చూపించింది నేనే. నేను ఇటిక్యాలలో వెల్డింగ్ పని చేస్తాను. ఆ హీరోకు వెర్రి అభిమానిని. మా దిక్కు ఆయన ఫ్లెక్సీలకు ఇనుప ఫ్రేములన్నీ నా చేతివే. పెద్దనాయన మొదట రానన్నాడు.

"గా సినిమాలు మనకెందుకురా? నా మొకం జూసి ఎవడొస్తడు?"

"నీ మొకం కాదు పెద్దనాయినా, నీ తెడ్డు కావాలంట."

"గట్లనా? తెడ్డు ఇస్త, తీస్కపొమ్మను."

చివరికి వచ్చాడు. పట్నం నుంచి వచ్చిన ఫైటర్లు పుట్టిలెక్కి వెనక నిలబడి తోశారు. పాతిక పుట్టిలు బొంగరాల్లా తిరిగాయి. ఒకడు వాంతి చేసుకున్నాడు. ఫైట్ మాస్టరు ఒడ్డు మీద నెత్తి పట్టుకున్నాడు. యుద్ధం రాక్షసులతో అన్నారు కదా, వాళ్లెక్కడున్నారని పెద్దనాయన అడిగితే, పొడుగు కట్టెకు కట్టిన ఎర్ర బంతిని చూపించి, అదే రాక్షసుడు, తర్వాత గ్రాఫిక్స్‌లో వేస్తాం, ఇప్పటికి దాన్ని చూసి భయపడాలి అన్నారు.

"గా బంతిని జూసి భయపడితే చేపలు నవ్వుతయి సార్," అన్నాడు పెద్దనాయన. తర్వాత మెల్లగా అన్నాడు. "పుట్టి తిరిగితే ఆపకు సార్. తిరగనియ్యి. వీపుకు వీపు ఆనిచ్చి ఇద్దరిని నిలబెట్టు, ఈటెలు బయటికి పెట్టు. తిరిగే పుట్టి దగ్గరికి ఎవడొస్తడో చూస్త."

ఆ యుద్ధం అట్లా పుట్టింది. ట్రైలర్‌లో అభిమానులు ఈలలు వేసిన ఆ తిరిగే పుట్టి ఆయన ఆలోచన. ఇంకోటి కూడా చెప్పాలి. ఒక పుట్టిని మంటల్లో కాల్చాలన్నారు. ఆయన తన పుట్టి ఇవ్వలేదు. కాల్చడానికే కొత్తగా ఒకటి అల్లాడు, దాని అంచు కట్టకుండా వదిలేశాడు. ఎందుకని అడిగాను. "అంచు కడితే అది పుట్టి అయితది. పుట్టిని కాల్చొద్దు. ఇది ఉత్త బుట్ట," అన్నాడు. కాలుతుంటే చూడకుండా అటు తిరిగి బీడీ వెలిగించుకున్నాడు.

ఆఖరి రోజు హీరో స్వయంగా వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు. "పెద్దాయనా, సినిమాకు ప్రాణం ఈ సీనే" అన్నాడు. నా చెవులతో విన్నాను. పక్కనే నిలబడి ఏడ్చినంత పనిచేశాను.

విడుదల రోజు గద్వాలలో మొదటి ఆటకు మా ఊరివాళ్లం పద్నాలుగు మందిమి వెళ్లాం. పెద్దనాయన ఉతికిన పంచె కట్టాడు. ఇంటర్వెల్‌లో ఫోను తీస్తే గ్రూపులన్నీ మండిపోతున్నాయి. వనపర్తిలో తెల్లారగట్ల స్పెషల్ ఆట చూసిన అభిమానులు "పుట్టిలేవి? పుట్టిలేవి?" అని పొద్దుటి ఆట ఆపేశారట. నాగర్‌కర్నూల్‌లో ఎవడో ఆ రెండు సెకన్లనే పదేపదే తిప్పి పెట్టాడు. అవతలి హీరో అభిమాని ఒకడు, బుట్టల్లో కూర్చుని యుద్ధమా, కూరగాయల సంతా అని రాశాడు. ఇంకొకడు, తీసేస్తేనే మంచిదైంది, బోర్ కొట్టేది అన్నాడు. చూడనిదానికి బోర్ ఎట్లా కొట్టిందో వాడికే తెలియాలి. ఇక దర్శకుడి మాట: కథ వేగానికి అడ్డం వచ్చిందట.

నేను పెద్దనాయనకు చెప్పలేదు.

సినిమా అయ్యాక ఆయన బయటికి వచ్చి తల గోక్కున్నాడు. "మన ముచ్చట వచ్చినప్పుడే కండ్లు మూసుకపోయినట్టున్నయిరా. తెల్లారగట్ల వల తీయనీకి పోయిన గద, నిద్ర సాలలే. ఇంకో ఆట చూద్దాం పా."

తప్పు తనదే అనుకున్నాడు. నిద్రపోయి యుద్ధం పోగొట్టుకున్నాననుకున్నాడు. రెండో ఆటలో తువ్వాల తడిపి కళ్లకు అద్దుకుంటూ, రెప్ప వేయకుండా, కుర్చీ అంచున కూర్చున్నాడు. నేను పక్కనే ఉన్నాను. మూడు గంటలు తెర చూడలేదు, ఆయన్నే చూశాను.

"లేదు గదరా," అన్నాడు బయట.

"లేదు పెద్దనాయినా. తీసేసిండ్రు."

"నీకు ఎప్పుడు తెల్సింది?"

"పొద్దుగాల ఇంటర్వెల్‌ల."

"మరి రెండో ఆటకు నా పక్కకెందుకు కూసున్నవ్?"

ఫోను తీసి కూరగాయల సంత మాట చదివి వినిపించాను, కోపం తెచ్చుకుంటాడేమోనని. ఆయన పకపక నవ్వాడు. "నిజమే గదరా, సంతకు వంకాయలు గూడ అండ్లనే ఏస్కపోయినం." తర్వాత బస్సెక్కాం. ఊరు దగ్గరపడ్డాక అన్నాడు, "తీస్తే తీసిండ్రు. వాళ్ల సినిమా. చెప్పి తియ్యాలె గద."

అంతే. ఆ తర్వాత నలభై రోజులు మామూలుగా నదికి పోయి వచ్చాడు.

అభిమానులకు ఒక మాట. మీరు రోజూ ట్యాగులు పెట్టి అడుగుతున్నది ఆ యుద్ధంలో హీరో పుట్టిలోంచి ఒడ్డున ఉన్న గుర్రం మీదికి దూకే ముక్క కోసం. నేనూ మొన్నటిదాకా అదే అడిగాను. ఆ ముక్కలో హీరో వెనక ఎవరున్నారో ఒక్కరూ అడగలేదు. ఇకనుంచి అదీ అడగండి. నేను నా ఫ్రేములన్నీ కోసి పాత ఇనుముకు వేశాను.

సినిమావాళ్లకు: పెద్దమ్మ నిన్న నన్ను పిలిచి అడిగింది. "మీ పెద్దనాయిన నీళ్ల మీద ఉన్నది నేనెన్నడు సరిగ్గ చూడలే బిడ్డా. ఆయన పోయేటప్పుడు చీకటి, వచ్చేటప్పుడు నేను పొలంల. జర గా సినిమా ముక్క చూపియ్యి." చూపిస్తానని మాటిచ్చాను. మీ మీద నమ్మకంతో కాదు, ఆమె మొహం చూసి.

ఆ యుద్ధం బయట పెట్టండి. గ్రాఫిక్స్ వేయకపోయినా, శబ్దం లేకపోయినా ఫర్వాలేదు. కింద ఆయన పేరు వేయండి. పేరు మీ కాగితాల్లో ఉంది, వేలిముద్ర వేయించుకున్నారు. కుదరదంటే ఎందుకు కుదరదో ఈసారైనా చెప్పండి. ఆయన మాసికానికి ఇంకా పద్దెనిమిది రోజులుంది. ఆ రోజు పొద్దున పది గంటలకు పెద్దమ్మ కళ్లద్దాలు పెట్టుకొని, నా ఫోను ఒళ్లో పెట్టుకొని కూర్చుంటుంది. అంతకంటే ముందే జవాబు రావాలి.